వంశధార మొగలోనూ, మడ్డువలస జలాశయంలోనూ ఒకే పద్ధతిలో గాలం వేయవచ్చునా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు విషయం ఇది. మీరు కడప వైపు చెరువుల్లో పిండి ముద్దతో బొచ్చె, శీలావతి చేపలు పట్టిన అనుభవం ఉన్నవారు. ఉద్యోగం బదిలీ మీద శ్రీకాకుళం వచ్చారు. ప్రతి ఆదివారం ఉదయం ఆరు గంటలకల్లా కళింగపట్నం దగ్గర వంశధార మొగకు, అంటే నది సముద్రంలో కలిసే చోటికి వెళ్లి, అదే రాడ్డుతో, అదే ముద్దతో ప్రయత్నిస్తే చిన్న జెల్లలు తప్ప ఏమీ పడలేదు. మడ్డువలసలో మాత్రం కొంత ఫలితం కనిపించింది. లోపం ఎరలో ఉందా, చోటులో ఉందా, వేళలో ఉందా అని అడిగారు. పదేళ్ల అబ్బాయిని వెంట తీసుకువెళ్లవచ్చునా అని కూడా అడిగారు.

ముందుగా జవాబు చెబుతాను. లోపం ప్రధానంగా వేళలో ఉంది, ఆ తర్వాత ఎరలో ఉంది. మంచినీటిలో పొద్దును బట్టి గాలం వేయాలి. మొగలో పోటుపాట్లను, అంటే సముద్రపు నీరు ఎక్కడాన్నీ (పోటు), దిగడాన్నీ (పాటు) బట్టి వేయాలి. రాడ్డు ప్రస్తుతానికి అదే ఉన్నా ఫరవాలేదు గాని, దారం, గాలం, ఎర మూడూ మార్చుకోవాలి. నేను నాగావళి ఒడ్డున పెరిగినవాణ్ణి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నదుల్లోనూ, జలాశయాల్లోనూ చాలా కాలంగా గాలం వేస్తున్నాను. కింద రాసేదంతా ఆ అనుభవం నుండీ, మొగ దగ్గర మత్స్యకారులు నాకు నేర్పిన దాని నుండీ వచ్చినదే.

ఆదివారం ఉదయం ఆరు గంటలు అన్న మీ నియమాన్ని ముందు పరిశీలిద్దాం. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కనుక, ఇవాళ ఉదయం వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఏడు రోజులకు ఆ ఆలస్యం ఆరు గంటలకు దగ్గరగా చేరుతుంది. అంటే ఒక ఆదివారం ఆరింటికి మీరు నిండు పోటు చూశారనుకుంటే, మరుసటి ఆదివారం అదే వేళకు దాదాపు పాటు అడుగున నిలబడి ఉంటారు. అంతేకాక పౌర్ణమి, అమావాస్యలకు ఆనుకొని వచ్చే రోజుల్లో పోటుపాట్లు బలంగా ఉంటాయి, అష్టమి దరిదాపుల్లో నీరు మందంగా కదులుతుంది. ఈ రెండు స్థితులూ వారం విడిచి వారం మారుతూ ఉంటాయి. మీరు ఒకే చోటికి, ఒకే వేళకు వెళ్తున్నానని అనుకుంటున్నారు గాని, చేప దృష్టిలో చూస్తే ప్రతిసారీ వేరే నదికి వెళ్తున్నారు. చెరువు అలవాటు ఉన్నవారందరికీ మొగ దగ్గర మొదట అర్థం కాని సంగతి ఇదే.

పోటు ఎక్కుతున్న చివరి రెండు గంటలు, పాటు మొదలైన తొలి రెండు గంటలు నా లెక్కలో మొగలో గాలం వేయవలసిన సమయం. ఈ రెండింటి నడుమ నీరు కాసేపు కదలకుండా నిలుస్తుంది. ఆ నిలకడలో చేప కూడా మేత మానుతుంది, అప్పుడు మీరు ఎర మార్చుకోవచ్చు, అన్నం తినవచ్చు. పాటు చివరి గంటల్లో నీరు పలచబడి, పెద్ద చేప లోతైన మడుగులకో సముద్రానికో తప్పుకుంటుంది. విశాఖపట్నం రేవుకు సంబంధించిన పోటుపాట్ల పట్టిక ముందుగానే దొరుకుతుంది. దానిని ఆధారంగా తీసుకోండి. కాని నదిలో పైకి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా అందుతుంది, ఇసుక మేట ఎక్కువగా ఉన్న ఏడాది మరింత ఆలస్యమవుతుంది. అందుచేత మీరు నిలబడే చోట ఒక కర్ర పాతి, నీటి మట్టం ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు తిరిగింది అని రెండు మూడుసార్లు రాసుకుంటే, పట్టికకూ మీ చోటుకూ ఉన్న తేడా తెలిసిపోతుంది. ఆ తేడా ఆ సీజనంతా దాదాపు అలాగే ఉంటుంది.

ఇక చోటు. ఉప్పునీరు మంచినీటి కంటే బరువైనది. పోటు వచ్చినప్పుడు అది నది అడుగున నాకుతూ పైకి పాకుతుంది, పైన మాత్రం మంచినీరు సముద్రం వైపు జారుతూనే ఉంటుంది. దోసిట్లో నీరు తీసుకొని రుచి చూసి, ఇది మంచినీరే కదా అని బెండు కట్టి పైపైన ఎర వేసేవారు ఉన్నారు. అడుగున ఉన్న నీరు ఉప్పగా ఉంటుంది, సముద్రం నుండి వచ్చిన చేప ఆ నీటిలోనే ఉంటుంది. కాబట్టి మొగలో ఎరను అడుగుకు పంపడం మేలు. నది మలుపు తిరిగిన చోట బయటి ఒడ్డు కోసుకుపోయి లోతుగా ఉంటుంది, లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తుంది. లోతున్న వైపే ఎంచుకోండి. అన్నిటికంటే నాకు నమ్మకమైన చోటు మరొకటి ఉంది. నదికి ఇరువైపులా చిన్న చిన్న పాయలు, ఉప్పునీటి కాలువలు ఉంటాయి. పోటుకు అవి నిండుతాయి, పాటుకు ఖాళీ అవుతాయి. ఖాళీ అవుతున్నప్పుడు వాటిలోని రొయ్య పిల్లలు, చిన్న మడవలు నీటితో పాటు కొట్టుకొని నదిలోకి వస్తాయి. ఆ పాయ నదిలో కలిసే చోట, రంగు మారిన నీటి అంచున, పండుగప్ప కాచుకొని ఉంటుంది. పాటు మొదలైన తొలి గంటలో ఆ అంచున వేసిన బతికున్న రొయ్యకు దొరికినన్ని చేపలు నాకు మరే విధంగానూ దొరకలేదు.

ఎర విషయంలో పిండి ముద్దను మొగకు తీసుకువెళ్లవద్దని నా సలహా, ఒక్క మడవల కోసం తప్ప. మడవ నాచునూ, బురద మీద పేరుకున్న సన్నని మేతనూ తినే చేప. దాని నోరు చిన్నది, పెదవి మెత్తనిది. సన్న గాలానికి మైదా ముద్ద గోరంత పెట్టి, నీటి పై పొరలో వదిలితే పడుతుంది, కాని గట్టిగా లాగితే పెదవి చిరిగి పోతుంది. మిగిలిన మొగ చేపలన్నీ దాదాపుగా మాంసం తినేవే. బతికున్న రొయ్య మొదటి ఎర. దాని తోక దగ్గర గాలం గుచ్చాలి. తల లోపల నల్లగా కనిపించే భాగానికి తగిలితే వెంటనే చచ్చిపోతుంది. రొయ్య దొరకనప్పుడు చిన్న మడవ పిల్లను పెదవికి గుచ్చి వేయవచ్చు. మీకు పడిన జెల్లలు వాసనకు వచ్చినవి. అవి అడుగున ఏ ఎరనైనా ముడతాయి. ప్లాస్టిక్ చేపలతో వేసే అలవాటు ఇక్కడి కుర్రాళ్లలో పెరిగింది. నీరు తేటగా ఉన్న శీతాకాలంలో అవి బాగానే పని చేస్తాయి, మట్టి నీటిలో మాత్రం బతికున్న ఎరకు సాటి రావు.

దారం సంగతికి వస్తే, చెరువులో మీరు వాడిన 0.30 మిల్లీమీటర్ల నైలాన్ దారం పండుగప్పకు చాలదు. ఆ చేప చెక్కిలి మీది డొప్ప అంచు కత్తిలా ఉంటుంది. నోటికి చిక్కిన తర్వాత తల విదిలించినప్పుడు సన్న దారాన్ని ఆ అంచే కోస్తుంది. ప్రధాన దారం 0.45 ఉంచుకొని, గాలానికి ముందు ఒక బారెడు 0.70 దారం ముడి వేసుకోండి. సీసం గుండు దారం మీద జారేలా ఉండాలి. చేప ఎరను లాగినప్పుడు బరువు తగిలితే వదిలేస్తుంది. చేపను ఒడ్డుకు తెచ్చాక కూడా ఆ చెక్కిలి డొప్పల దగ్గర వేళ్లు పెట్టవద్దు.

పండుగప్ప గురించి మరొక మాట చెప్పి తీరాలి. ఈ చేప మొదట మగగా పెరిగి, కొన్నేళ్ల తర్వాత ఆడగా మారుతుంది. ఉప్పునీరున్న మొగల్లో గుడ్లు పెడుతుంది, పిల్లలు పాయల్లోకీ, నది పైభాగానికీ, వరద వేళ పక్క గుంటల్లోకీ వెళ్లి పెరుగుతాయి. అంటే మీకు దొరికే చాలా పెద్ద పండుగప్పలు దాదాపు అన్నీ గుడ్లు పెట్టే ఆడ చేపలే. వంటకు రెండు, మూడు కిలోల చేప చాలు. అంతకు బాగా మించిన దానిని నీటికి వదిలేయమని మిమ్మల్ని ప్రాధేయపడుతున్నాను. వదిలేటప్పుడు చేతులు తడుపుకొని, పొట్ట కింద ఒక చేయి ఆనించి పట్టుకోవాలి, దవడ పట్టుకొని నిలువుగా వేలాడదీయకూడదు. దాని తలను ప్రవాహానికి ఎదురుగా ఉంచి, అది తనంతట తాను కదిలేవరకు ఆగాలి. ఇదంతా ఫొటో కోసం కాదు, నది కోసం.

కాలం విషయంలో నా అభిప్రాయం స్థిరంగా ఉంది. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. అక్కడ వాన కురిస్తే ఇక్కడ ఆకాశం తేటగా ఉండగానే ఎర్ర నీరు దిగుతుంది. జూలై నుండి అక్టోబరు వరకు ఆ మట్టి నీరు మొగను ముంచి ఉంచుతుంది, ఉప్పునీటి చేప సముద్రానికి తప్పుకుంటుంది. కార్తీకంలో వరద తగ్గి, నీరు తేరుకున్నప్పటి నుండి మాఘమాసం చివరి వరకు మొగలో మంచి రోజులు. ఎండాకాలంలో నదిలో ప్రవాహం సన్నగిల్లి, ఇసుక దిబ్బ పెరిగి మొగ సన్నబడుతుంది. అప్పుడు పోటు నీరు లోపలికి సరిగా రాదు. తుపాను వచ్చిన ఏడాది పాత గుర్తులను నమ్మవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు వంశధార పొంగిన తర్వాత ఇసుక మేటలూ మడుగులూ చోట్లు మారాయి. మొగను మొదటి నుండి మళ్లీ చూసి తెలుసుకోవలసి వచ్చింది. నాగావళి కలిసే కళ్లేపల్లి దగ్గరా, విజయనగరం జిల్లాలో చంపావతి కలిసే కోనాడ దగ్గరా కూడా పోటుపాట్ల పద్ధతి ఇదే.

ఇప్పుడు మడ్డువలస. ఇది వంగర మండలంలో సువర్ణముఖి మీద కట్టిన జలాశయం. ఇక్కడ మీ చెరువు విద్య చాలావరకు పనికివస్తుంది, కొన్ని సవరణలు కావాలి. బొచ్చె పై పొరలో తింటుంది, శీలావతి నడిమి నీటిలో, ఎర్రమోసు అడుగున తింటుంది. ఇది మీకు తెలిసినదే. చెరువులో లోతు తక్కువ కనుక ఈ తేడా అంతగా పట్టించుకోనవసరం లేదు. జలాశయంలో ఎక్కడ ఏ లోతులో ఎర నిలిచిందన్నది నిర్ణాయకం. బెండును జారేలా కట్టి, ముందు అడుగు లోతు కొలిచి, ఆ తర్వాత ఏ చేప కావాలో దానికి తగినట్టు ఎరను పైకి తెచ్చుకోండి.

గాలిని గమనించండి. గాలి ఏ ఒడ్డుకు కొడుతుందో ఆ ఒడ్డుకు పై పొర నీరూ, దానిలోని కంటికి ఆనని మేతా చేరతాయి, వాటి వెనుక బొచ్చెలు వస్తాయి. గాలి తగలని ఒడ్డున కూర్చోవడం మనిషికి సుఖం గాని, చేప ఎదుటి ఒడ్డున ఉంటుంది. వేళ విషయంలో తెల్లవారుజామునే వెళ్లాలన్న నమ్మకాన్ని కొంచెం సవరించుకోవాలి. రాత్రంతా నీటిలోని మొక్కలూ నాచూ చేపలతో పాటే ప్రాణవాయువును వాడుకుంటాయి కనుక, పచ్చగా నాచు పట్టిన నీటిలో తెల్లవారే ముందు ప్రాణవాయువు అతి తక్కువగా ఉంటుంది. అప్పుడు చేపకు మేత మీద ధ్యాస ఉండదు. పొద్దెక్కిన గంట తర్వాత నుండి పదింటి దాకా, మళ్లీ సాయంత్రం ఎండ వాలినప్పుడు వేయడం మేలు. తేట నీటి జలాశయంలో ఈ చిక్కు తక్కువ, మబ్బు పట్టి ఉక్క పోసిన రోజుల్లో ఎక్కువ.

ఎరకు వేరుశనగ చెక్కను రాత్రి నానబెట్టి, తవుడూ కొద్దిగా మైదా కలిపి ముద్ద చేయండి. ముద్ద నీటిలో పడగానే విడిపోకూడదు, అలాగని రాయిలా గట్టిగానూ ఉండకూడదు. అదే పిండిని పలచగా ముందు అరగంట చల్లి, ఆ తర్వాత గాలం వేస్తే చేప చేరుతుంది. ఎర్రమోసుకు వానపాము కూడా బాగుంటుంది. తాటిపూడి జలాశయానికి వెళ్లినప్పుడు మాత్రం పిండి చల్లడం మానండి; ఆ నీరు విశాఖపట్నానికి తాగునీరుగా వెళ్తుంది.

కొర్రమీను గురించి అడగలేదు గాని, జలాశయం గట్ల పక్కన తామర, తుంగ ఉన్న చోట మీరు తప్పకుండా చూస్తారు. వానాకాలంలో నీటి మీద ఎర్రని పిల్లల గుంపు సుడి తిరుగుతూ కనిపిస్తే, కింద వాటిని కాచుకొని పెద్ద చేపలు ఉంటాయి. అప్పుడు రబ్బరు కప్పను వేస్తే ఆకలి కోసం కాక పిల్లల రక్షణ కోసం దూకి పట్టుకుంటుంది. అలా పట్టిన కొర్రమీనుతో ఆ పిల్లల గుంపంతా గంటల్లో ఇతర చేపల పాలవుతుంది. దయచేసి ఆ పని చేయవద్దు. వానలు మొదలై కొత్త నీరు జలాశయంలోకి దిగే వాగుల దగ్గర శీలావతులు, బొచ్చెలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతాయి. అక్కడ కూడా ఆ కాలంలో గాలం వేయడం సరికాదని నా నిశ్చితాభిప్రాయం.

అనుమతి లేకుండా ఎక్కడా కూర్చోవద్దు. ఊరి చెరువుల్లో చాలా వాటిని మత్స్యకారుల సహకార సంఘాలకు లీజుకు ఇస్తారు. అందులో చేప పిల్లలు వాళ్ల డబ్బుతో వేసినవి. జలాశయాల విషయంలో మత్స్యశాఖ లైసెన్సు గురించీ, వేట ఆపే నెలల గురించీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లా కార్యాలయాల్లో అడిగి తెలుసుకోండి. సముద్రంలో మరపడవలకూ, మోటారు పడవలకూ ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో ఎవరైనా మొగ బయటికి మోటారు పడవ మీద తీసుకువెళ్తానన్నా ఒప్పుకోవద్దు. మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడం 1897 నాటి భారత మత్స్య చట్టం ప్రకారమే నేరం. ఎక్కడైనా కనబడితే అధికారులకు చెప్పడం మన బాధ్యత. మొగలో మత్స్యకారుల వలలకు అడ్డంగా గాలం విసరకండి. నేను ఏ మొగకు వెళ్లినా ముందు వల బాగుచేసుకుంటున్న పెద్దవారి దగ్గర కూర్చొని, “బాబూ, ఇవాళ నీరు ఎలా ఉంది?” అని అడుగుతాను. ఆ జవాబులో దొరికినంత సమాచారం ఏ పట్టికలోనూ దొరకదు.

ప్రమాదాల గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు కొత్తవారు. మొగలో పాటు వేళ నీరు సముద్రం వైపు బలంగా లాగుతుంది. మోకాలి లోతు దాటి దిగవద్దు. ఇసుక ఒడ్డు పైకి గట్టిగా కనిపించి, కింద కోసుకుపోయి ఉంటుంది, అంచున నిలబడవద్దు. బురద పాయల్లో ఊబి ఉంటుంది. తోకకు విషపు ముల్లు ఉండే టేకు చేప పలచని నీటిలో ఇసుక కప్పుకొని పడుకుంటుంది. అడుగులు ఎత్తి వేయక, ఈడ్చుకుంటూ నడిస్తే అది ముందే తప్పుకుంటుంది. జెల్ల, ఇంగిలాయి ముళ్లలో విషం ఉంటుంది. గుచ్చుకుంటే గాయాన్ని కడిగి, చేయి ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ఉంచితే నొప్పి తగ్గుతుంది; ముల్లు లోపల విరిగినా, వాపు పైకి పాకినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గాలానికి చిక్కగానే గాలి నింపుకొని బంతిలా ఉబ్బే చేపను ఎన్నటికీ తినవద్దు, పిల్లికి కూడా వేయవద్దు. దాని విషం వండినా పోదు. వంశధార మీది గొట్టా బ్యారేజీ దిగువన గేట్ల కింద చేపలు గుమిగూడతాయన్నది నిజమే, కాని ఎగువ నుండి నీరు వదిలినప్పుడు తప్పుకునే వ్యవధి ఉండదు, అక్కడికి వెళ్లవద్దు. వెళ్లే ముందు రోజు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల హెచ్చరిక చూసుకోండి.

తెగిన దారాన్ని నీటిలోనో ఒడ్డునో వదిలి రావద్దు. శీతాకాలంలో టెక్కలి దగ్గర తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి, మేత కోసం చుట్టుపక్కల ఉప్పునీటి నేలలకూ చెరువులకూ తిరుగుతాయి. సన్న దారం కాళ్లకు చుట్టుకుంటే ఆ పక్షి చనిపోవడమే. అదే రోజుల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. ఒక చిన్న డబ్బా వెంట ఉంచుకొని, పాత దారం, వంగిన గాలాలు అందులో వేసుకొని ఇంటికి తెచ్చుకోవడం కష్టమేమీ కాదు.

మీ అబ్బాయి విషయం. మొదటి ఏడాది అతణ్ణి మొగకు తీసుకువెళ్లవద్దు. అక్కడ మీ దృష్టి రెండింటి మీద నిలవదు. లీజుదారు అనుమతి ఉన్న ఊరి చెరువు గట్టున, గట్టు ఏటవాలుగా కాక చదునుగా ఉన్న చోట కూర్చోబెట్టండి. రీలు ఇవ్వకండి. అతని ఎత్తుకు రెట్టింపు ఉన్న వెదురు కర్ర, అంతే పొడవు సన్న దారం, చిన్న బెండు, అతి చిన్న గాలం, అన్నం మెతుకంత పిండి ముద్ద చాలు. పరిగెలు, చైనా గొరకలు వెంటవెంటనే పడతాయి కనుక పిల్లవాడికి విసుగు రాదు. బెండు ఎలా వణికితే ఏ చేపో కూడా త్వరలోనే గుర్తుపడతాడు. గొరక వీపు ముళ్లను తల వైపు నుండి తోక వైపు నిమురుతూ అణచి పట్టుకోవడం మీరు చేసి చూపించండి, గాలం తీసే పని మొదట్లో మీరే చేయండి. ఈత నేర్చుకున్న తర్వాత, ఏ శీతాకాలంలోనైనా అష్టమి దగ్గర నీరు మందంగా ఉన్న రోజు చూసుకొని, పగటి వేళ మొగకు తీసుకురండి. కళింగపట్నం వైపు వచ్చేటట్టయితే ఒక వారం ముందు ఇక్కడే రాయండి, ఆ రోజుకు పోటు వేళ చూసి చెబుతాను.